వయసు మీద పడని రాజు

ఆ యువకుడికి అప్పటికి 23 ఏళ్లు. ఒంటి మీద బంగారు జరీ దుస్తులు. భుజాల మీది నుంచి నేల దాకా జారిన రాజవస్త్రం, దాని లోపలివైపు నల్లని చుక్కలున్న తెల్లని బొచ్చు. మెడలో బిరుదుల హారం. పక్కన కిరీటం. వెనుక ఎత్తైన స్తంభం, బరువైన తెర. ఇంత ఆర్భాటం మధ్యన ముఖం మాత్రం ఇంకా నూనూగు మీసాల వయసు దాటని కుర్రవాడిది. 8 అడుగులకు పైబడిన గుడ్డ మీద నూనె రంగులతో వేసిన ఈ నిలువెత్తు చిత్రం ఇంగ్లండు రాజు మూడవ జార్జిది. వేసినవాడు స్కాట్లండు దేశపు చిత్రకారుడు అలన్ రామ్సే. వేసిన కాలం 1761-62. అసలు చిత్రం ఇప్పటికీ ఇంగ్లండు రాజవంశపు సేకరణలోనే ఉంది.

ఉగాది పచ్చడి గురించో, పిల్లలకు తెలుగు నేర్పడం గురించో రాయకుండా ఈ పరాయి రాజు బొమ్మ మనకెందుకు అని మీరు అడగవచ్చు. కారణం ఉంది. నేను పుట్టిన ఊరు రూపనగుడి. బళ్లారి తాలూకాలో, నల్లరేగడి నేలల మధ్యన, తెలుగూ కన్నడమూ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే సరిహద్దు ఊరు. ఊరి పేరులో రూపమూ ఉంది, గుడీ ఉంది. ఆ ఊరు 1800 నుంచి 1820 దాకా, కాగితం మీద, ఈ చిత్రంలోని కుర్రవాడి ఏలుబడిలో ఉంది. ఆయన మమ్మల్ని చూడలేదు, మావాళ్లు ఆయన్ని చూడలేదు. అయినా ఆ చిత్రంలోని స్తంభమూ, తెరా, బల్లా చాలా దూరం ప్రయాణం చేసి మా ఇంటి గోడ దాకా వచ్చాయి. మీ ఇంటి గోడకూ వచ్చే ఉంటాయి. ఎలాగో చెబుతాను.

ఒక రాజు, వంద బొమ్మలు

మూడవ జార్జి 1738లో పుట్టాడు. తండ్రి 1751లోనే పోవడంతో, 1760 అక్టోబరులో తాత రెండవ జార్జి చనిపోగానే 22 ఏళ్ల మనవడికి సింహాసనం దక్కింది. 1761 సెప్టెంబరు 8న పెళ్లి. పెళ్లికూతురు షార్లెట్ జర్మను దేశపు పిల్ల, 17 ఏళ్లది. ఆ ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నది పెళ్లినాడే! మన పాతకాలపు పెళ్లిచూపులే నయం అనిపిస్తుంది. మరి రెండు వారాలకు, సెప్టెంబరు 22న, పట్టాభిషేకం. ఆ ఉడుపులలోనే రామ్సే ఆయన్ని చిత్రించాడు. రాణికీ ఒక జోడీ చిత్రం వేశాడు. బొమ్మ వేయడం కోసం రాజలాంఛనాలను రామ్సే ఇంటికే పంపి, అవి అక్కడున్నన్నాళ్లూ ఇంటి చుట్టూ కాపలా పెట్టారని చెబుతారు.

ఒక్క చిత్రంతో పని తీరలేదు. రాజు అన్ని చోట్లా ఉండలేడు, కాని రాజు బొమ్మ ఉండాలి. పరదేశాలకు వెళ్లే రాయబారికి ఒకటి, వలసల్లో గవర్నరుకు ఒకటి, బంధువులైన రాజకుటుంబాలకు ఒకటి. అలా రాజూ రాణీ జంట చిత్రాలకు నకళ్లు వంద జంటలకు పైగా తయారయ్యాయి. రామ్సే పనిచేసే ఇల్లు రాజుల కార్ఖానా అయిపోయింది. ఒక మూల తల పూర్తయి ఒళ్లు కాని రాజు, ఇంకో మూల ఒళ్లు పూర్తయి బూట్లు రాని రాజు.

1773లో రామ్సే చెయ్యి విరిగింది. ఇంటికి నిప్పంటుకుంటే ఎలా తప్పించుకోవాలో ఇంట్లోవాళ్లకు చూపించబోయి నిచ్చెన మీద నుంచి పడ్డాడు. ఆ తరువాత నకళ్ల భారమంతా శిష్యుడు ఫిలిప్ రైనేగల్ మీద పడింది. అదే ముఖం, అదే బొచ్చు, అదే తెర ఏళ్ల తరబడి వేసి వేసి, మనిషి బొమ్మ అంటేనే ఆయనకు విసుగు పుట్టింది. చివరికి జంతువుల బొమ్మలకూ ప్రకృతి దృశ్యాలకూ మళ్లిపోయాడు. మన పత్రికకు శుభాకాంక్షల కార్డులు చేత్తో రాసిపెట్టే సోదరీమణులకు ఆయన బాధ ఇట్టే అర్థమవుతుంది.

ఆరే నూనె, ఆరని నూనె

మన గుళ్లల్లో గోడల మీద బొమ్మలకు తక్కువ లేదు కదా, మరి ఈ నూనె రంగుల్లో ఏముంది ప్రత్యేకం? రహస్యమంతా నూనెలో ఉంది. మా బళ్లారి వైపు అందరికీ తెలిసింది వేరుశెనగ నూనె. అది గుడ్డ మీద పడితే ఎన్నేళ్లైనా మరకగానే ఉంటుంది కాని ఆరదు. అవిసె నూనె అలా కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లమెల్లగా గట్టిపడి, సాగే పొరలా తయారవుతుంది. రంగుపొడిని ఆ నూనెలో నూరి పూస్తే నెమ్మదిగా ఆరుతుంది. కనుక చిత్రకారుడు తడి మీద తడి కలిపి, చెంప మీది ఎరుపును నీడలోకి జరపగలడు. ఒక పొర ఆరాక దాని పైన పలుచని ఇంకో పొర పూస్తే లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టుంటుంది. పట్టు పట్టులా, బొచ్చు బొచ్చులా, బంగారం బంగారంలా కనబడేది అందుకే. దూరదేశంలో కూర్చున్నవాడికి రాజు ఐశ్వర్యం నమ్మించడానికి ఇంతకన్నా మంచి సాధనం ఆ రోజుల్లో లేదు.

బొమ్మకు 23, మనిషికి 62

ఇక మన సంగతికి వద్దాం. నిజాముతో ఒప్పందం మీద 1766లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి జార్జికి 28 ఏళ్లు. బొమ్మకూ మనిషికీ ఇంకా పోలిక ఉంది. మా సీమ సంగతి వేరు. 1792, 1799 యుద్ధాల తరువాత టిప్పు సుల్తాను నుంచి తనకు దక్కిన ప్రాంతాలను నిజాము 1800లో కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో రాయలసీమ అని పేరు మార్చుకునేదాకా ఆ అరువు పేరే మాకు నిలిచింది. రూపనగుడి కూడా ఆ దానపత్రంలో ఒక చుక్క. అప్పటికి జార్జికి 62 ఏళ్లు. 1788లోనే ఒకసారి మతి చలించి కోలుకున్నాడు. 1811 నుంచి కొడుకే రాజప్రతినిధి. విండ్సరు కోటలో చూపు పోయి, వినికిడి తగ్గి, తెల్లని గడ్డం పెరిగి ఒంటరిగా మిగిలాడు. 1818లో భార్య పోయిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు. 1820 జనవరి 29న తనూ పోయాడు.

ఆ ఆఖరి ఏళ్లలో కూడా దేశదేశాల గవర్నర్ల భవనాల్లో ఉన్నది ఆ 23 ఏళ్ల యువకుడే. మా ఊరు ఎవరి పేరున శిస్తు కట్టిందో ఆ మనిషి చీకటి గదిలో ఉన్నాడు. బొమ్మలోని మనిషి వెలుగులో నిలబడి ఉన్నాడు. రాజ్యం నడిచింది బొమ్మ పేరుతోనే.

తమాషా ఏమిటంటే, మావాళ్లకు ఆ బొమ్మ కూడా అందలేదు. చిత్రాలు కోటల్లో, విందు మందిరాల్లో ఉండేవి. మద్రాసులో 1802లో కట్టిన విందు మందిరం, ఇప్పటి రాజాజీ హాలు, అలాంటిదే. పోనీ డబ్బు మీద చూసుకుందామంటే, 1835 దాకా కంపెనీ రూపాయల మీద ఉన్నవి మొగలు పాదుషాల పేర్లే. మద్రాసు వరహా మీద ఉన్నది విష్ణుమూర్తి. రాజు తలకాయ మొదటిసారి కంపెనీ రూపాయి మీదికి ఎక్కింది 1835లో. ఆ తల నాలుగవ విలియందే కాని మా జార్జిది కాదు. కనుక రూపనగుడి రైతు తన మొదటి ఇంగ్లీషు రాజు ముఖం చూడకుండానే పోయాడు.

ఆ రైతు చూసిన దొర ఇంకొకడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న తామస్ మన్రో. గుడారాలు వేసుకుని ఊరూరూ తిరిగి, పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకున్న మనిషి. గవర్నరై తిరిగి వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. సీమలో బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు ఉన్నారంటారు. ఆయన శిస్తు భారమా న్యాయమా అని చరిత్రకారులు వాదించుకోవచ్చు. నేను చెప్పేది ఒక్కటే. బొమ్మగా వచ్చిన రాజును జనం మరిచిపోయారు. ఎండలో వచ్చిన మనిషిని, మంచికో చెడ్డకో, గుర్తుపెట్టుకున్నారు.

మన రాజుల నిలబడే తీరు

మనకూ రాజుల రూపాలు లేకపోలేదు. తిరుమల గుడి మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహ విగ్రహాలు మీరంతా చూసే ఉంటారు. క్యూలో తోపులాట వల్ల సరిగా చూడలేకపోతే ఈసారి ఆగి చూడండి. ముగ్గురూ చేతులు జోడించి ఉంటారు. మన వైపు చూసి మన దండం పుచ్చుకోవడానికి నిలబడలేదు, స్వామికి తామే దండం పెట్టడానికి నిలబడ్డారు. రామ్సే చిత్రంలోని రాజు తన ముందు నిలబడేవాడి కోసం నిలబడ్డాడు. హంపీ మా ఊరికి దగ్గరే. ఆ హంపీ ఏలిన ప్రభువు, తనకన్నా పెద్దవాడి ముందు నిలబడినట్టుగా తన రూపం పోయించుకున్నాడు. రెండు రకాల రాజరికాలు ఇవి.

ఇంకొక విశేషం ఉంది. ఆ విగ్రహాల భుజాల మీదే వాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి. చివర మళ్లీ పనికి వస్తుంది.

తెరా, స్తంభమూ మన ఇంటికి ఎలా వచ్చాయి?

1769లో టిల్లీ కెటిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు మద్రాసులో దిగాడు. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ నిలువెత్తు చిత్రం వేశాడు. ఆయన వెనుక మరికొందరు వచ్చారు. నవాబులు, జమీందారులు, సంస్థానాధీశులు వరుసగా అలాంటి చిత్రాలు వేయించుకోవడం మొదలుపెట్టారు. తలపాగా మనది, కత్తి మనది. స్తంభం, తెర, పక్కన బల్ల మాత్రం ఇంగ్లండు రాజువి.

తరువాత రాజా రవివర్మ. 1848లో కిళిమానూరులో పుట్టిన ఆయన, తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన థియొడోర్ జెన్సన్ అనే దొర నూనె రంగులు వాడుతుంటే చూసి చూసి నేర్చుకున్నాడు. ఆ విద్యను గవర్నర్ల బొమ్మలతోనే ఆపకుండా దేవుళ్ల వైపు తిప్పాడు. 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టాక ఆ దేవుళ్లు అణాలకూ పావలాలకూ ఇంటింటికీ వచ్చారు. మీ పూజగదిలో రామ పట్టాభిషేకం పటం ఉంటే ఒకసారి పరకాయించి చూడండి. వెనుక మడతలు పడిన తెర, రెండు పక్కలా స్తంభాలు కనిపిస్తాయి. రామచంద్రుడు మనవాడే. ఆ తెర వేలాడే తీరు మాత్రం సముద్రం దాటి వచ్చింది.

ఆ తరువాత ఫోటో స్టూడియోలు. కెమెరా ముందు మనిషిని ఎలా నిలబెట్టాలి? ఫోటోగ్రాఫరుకు తెలిసిన పద్ధతి ఒక్కటే. వెనుక రంగులు వేసిన గుడ్డ, దాని మీద స్తంభం, తెర. పక్కన సన్నకాళ్ల బల్ల, దాని మీద పూలకూజా. మా తాత బళ్లారిలో తీయించుకున్న ఫోటో అలాగే ఉంటుంది. పంచెకట్టు, పైన కోటు, తలపాగా, ఒక చెయ్యి బల్ల మీద. జొన్నచేనిలో నాగలి పట్టిన మనిషి, ఆ ఒక్క నిమిషం కోసం వెస్ట్‌మినిస్టరు రాజులా నిలబడ్డాడు. "ఆ పొద్దు ఆయప్ప ఊపిరి బిగబట్టినాడు. ఫోటో తీసినాయన పోదాం రాప్పా అనేదాకా వదల్లేదు" అని మా అవ్వ నవ్వేది.

తీసేసిన బొమ్మలు

రాజు బొమ్మకు మర్యాద ఎంతో, అవమానమూ అంతే. అమెరికాలో ఉన్న మన పిల్లలు బడిలో చదువుకునే ఉంటారు. 1776 జూలై 9న న్యూయార్కులో స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించాక జనం వెళ్లి ఇదే మూడవ జార్జి గుర్రపు విగ్రహాన్ని కూలదోశారు. లోపలంతా సీసం. దాన్ని కరిగించి తూటాలు పోసుకున్నారు. లెక్క కూడా రాసుకున్నారు: 42,088.

మన దేశంలో తూటాలు కాలేదు కాని గొడవలు అయ్యాయి. 1911లో ఐదవ జార్జి బొమ్మతో కొత్త రూపాయలు వచ్చాయి. రాజు మెడలోని హారంలో ఒక చిన్న ఏనుగు ఉంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనబడిందని పెద్ద దుమారం లేచింది. ఆ నాణేలను వెనక్కి తీసుకుని, 1912లో తొండం సరిగా దిద్ది మళ్లీ వదిలారు. రాజు ముఖం ఎలా ఉన్నా సర్దుకున్న జనం ఏనుగు దగ్గర సర్దుకోలేదు.

1947 తరువాత కచేరీల్లోని రాజుల పటాలు గోడలు దిగాయి. కొన్ని గోదాముల్లోకి, కొన్ని మ్యూజియాలకు వెళ్లాయి. చెన్నై వెళితే సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం తప్పక చూడండి. రాజులవీ రాణులవీ గవర్నర్లవీ నిలువెత్తు తైలవర్ణ చిత్రాలు అక్కడ ఉన్నాయి. పిల్లలు అడిగితే ఒక సంగతి చెప్పండి. ఆ కోటకు పేరిచ్చిన జార్జి ఈ రాజుల్లో ఎవరూ కాదు, ఇంగ్లండువారు కొలిచే ఒక పుణ్యపురుషుడు.

మా ఇంటి గోడ

మా ఇంట్లోనూ ఒక మార్పు జరిగింది. 1935లో ఐదవ జార్జి పాతికేళ్ల ఏలుబడి ఉత్సవాలకు వచ్చిన అచ్చు పటం ఒకటి మా తాత టేకు చట్రం కట్టించి పడసాలలో పెట్టాడు. 1948లో గాంధీగారు పోయాక, అదే చట్రంలో గాంధీగారి బొమ్మ పెట్టాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రాజు బొమ్మ ఏమైందో మాత్రం ఎవరూ అడగలేదు.

నేను ఉద్యోగం కోసం ఊరు విడిచి, నాలుగు ఊళ్లు తిరిగి, ఇప్పుడు ముంబైలో ఉంటున్నాను. ఊళ్లో ఉన్నది మా అన్న. పోయిన సంక్రాంతి తరువాత పాత ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాలని నిర్ణయమైంది. దూలాలు, తలుపులు కొనడానికి బళ్లారి నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. గోడల మీది పటాలు కూడా ఇచ్చేయమన్నాడు. బొమ్మలు కాదు, ఆయనకు కావలసింది టేకు చట్రాలు. మొత్తం 11 పటాలు. నేనూ వెళ్లాను. అన్నదమ్ములం పడసాలలో కూర్చుని ఒక్కొక్కటే విప్పాం.

గాంధీగారి చట్రం విప్పితే వెనుక అట్ట స్థానంలో ఐదవ జార్జి! మా తాత రాజును పారేయలేదు, చించలేదు. గాంధీగారికి దన్నుగా వెనుక పెట్టాడు. అరవై ఏళ్లకు పైగా అలాగే గోడకు మొగం పెట్టి ఉన్నాడు చక్రవర్తి. అన్న పడీపడీ నవ్వాడు. అమెరికాలో ఉన్న నా మనవరాలు ఫోనులో చూస్తూ, "తాతా, ఆయన వెనకాల ఎందుకున్నాడు?" అంది. ఐదవ జార్జి ఎవరు, వాళ్ల తాత ఎవరు, ఎప్పుడు పట్టాభిషేకం, ఢిల్లీ దర్బారు ఏ ఏడు, అన్నీ చెప్పాను.

తరువాతి చట్రంలో ఒకావిడ. ముక్కున బేసరి, నడుముకు వడ్డాణం, ఒళ్లో చంటిబిడ్డ. "మరి ఈవిడెవరు తాతా?"

చెప్పడానికి ఎవరూ లేరు. నాయన లేడు, అవ్వ లేదు, చిన్నాయన లేడు. అలా పేరు తెలియని పటాలు నాలుగు తేలాయి. లండనులోని రాజు గురించి చిత్రకారుడి పేరు, ఏడు, గుడ్డ పొడవు, నకలు వేసినవాడి విసుగు దాకా తెలుసు. మా పడసాలలో ఎనభై ఏళ్లు కూర్చున్న ఆ తల్లి పేరు తెలియదు. ఆవిడ రక్తం నాలో ఉందో, ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరికైనా పెట్టారో కూడా చెప్పే దారి లేదు.

అన్న ప్రాక్టికల్ మనిషి. "పేరు తెలియని పటానికి గోడ యాడ తెచ్చేది రా? కొత్తింట్లో పిల్లోళ్లు టీవీ పెట్టుకుంటామంటారు. చట్రం ఇచ్చేస్తే నాలుగు రూకలన్నా వస్తాయి" అన్నాడు. అన్న మాటలో తప్పు లేదు. ఆ ఊళ్లో ఉండి ఇల్లు కాపాడినవాడు ఆయనే. దూరాన ఉండి బెంగపడడం సులువు.

చివరికి వదిన ఒక దారి చెప్పింది. ఊళ్లో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉంది. కళ్లు మసక, మాట స్పష్టం. నాలుగు పటాలూ పట్టుకుపోయాం. ఆవిడ పటాన్ని కళ్లకు ఆనించుకుని, ముఖం కాదు, చీరకట్టు చూసింది, బేసరి చూసింది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించి, రెండింటి లెక్క తేల్చింది. ఒకరు మా తాత మేనత్త. కాన్పులో పోయిందట. ఇంకొకరు మా నాయనమ్మ చెల్లెలు, ఆలూరు ఇచ్చిన పిల్ల. 1953 అక్టోబరు 1న ఆలూరు ఆంధ్రలోకీ, మేము మైసూరు రాష్ట్రంలోకీ పోయాక రాకపోకలు తగ్గి, పేరు కూడా ఇంట్లో వినబడకుండా పోయింది. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి మాత్రం ఆ పెద్దావిడకూ తెలియలేదు. ఇంకొక పటంలోని ముసలాయనా అంతే.

ఆ రెండు పటాలనూ వ్యాపారికి ఇవ్వలేదు. అన్నే వద్దన్నాడు. "పేరు లేకున్నా మనింట్లో ఉన్నోళ్లే కదా" అన్నాడు. వెనుక పెన్సిలుతో, "పేరు తెలియదు. రూపనగుడి ఇంటి పడసాలలో తూర్పు గోడ మీద ఉండేది" అని రాశాం. రాజుగారిని తిరిగి గాంధీగారి వెనుకే పెట్టాం. అది మా తాత ఇచ్చిన తీర్పు. మార్చడానికి మేమెవరం?

మీరు చేయగల పని

మనం, తెలుగునాడు బయట ఉన్నవాళ్లం, ఊళ్ల నుంచి ఊరగాయ జాడీలు, పట్టుచీరలు తెచ్చుకుంటాం. పటాలు మాత్రం అక్కడే వదిలేస్తాం. రాజులకు చిత్రకారులు, కాపలావాళ్లు, మ్యూజియాలు ఉన్నాయి. మన అవ్వలకు మనమే ఉన్నాం. అందుకని కొన్ని మాటలు:

ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన పటాలు పెట్టుకుని కూర్చోండి. పేరు, వరస, ఊరు, ఎవరి బిడ్డ అన్నవి ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి. బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందువైపు పడుతుంది, సిరా దిగుతుంది. వెనుక గమ్ము టేపు అంటించవద్దు.

ఫోనుతో ఫోటోకు ఫోటో తీసుకోండి, మంచిదే. దానితో పాటు పేర్లు రాసిన కాగితం కూడా తీయండి. పేరు లేని బొమ్మ వెయ్యి నకళ్లైనా పేరు లేని బొమ్మే.

చెమ్మ పట్టే గోడకూ, ఎండ తగిలే కిటికీకి ఎదురుగానూ పటాలు తగిలించవద్దు. ఎవరింట్లోనైనా నిజమైన నూనె రంగుల చిత్రం ఉంటే తడిగుడ్డతో తుడవవద్దు. కొబ్బరినూనె రాయడం, ఉల్లిపాయ ముక్కతో రుద్దడం వంటి చిట్కాలు అసలే వద్దు. పచ్చబడింది రంగు కాకపోవచ్చు, పైన పూసిన వార్నిషు కావచ్చు. దాన్ని తీయడం చేయి తిరిగినవారి పని. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

తిరుమలలో రాయలవారు అంత చక్రవర్తి అయ్యుండి, తన ముఖం చూసి లోకం గుర్తుపడుతుందిలే అనుకోలేదు. భుజం మీద పేరు ఉండనిచ్చారు. ఇన్ని వందల ఏళ్ల తరువాత క్యూలో వెళ్లే పిల్లవాడు కూడా "అదిగో రాయలు" అనగలుగుతున్నాడంటే ఆ అక్షరాల చలవే. ఈ పండక్కి ఒక పెన్సిలు పట్టుకుని ఊరు వెళ్లండి.